వేడి తగిలితేనే తెరుచుకునే మందు

లివర్ క్యాన్సర్‌కి నానో మందు అనగానే మురిసిపోయేవాళ్లు థెర్మోడాక్స్ సంగతి చూడాలి. ఆలోచన మాత్రం ముచ్చటైనదే. దాదాపు 100 నానోమీటర్ల కొవ్వు బుడగల్లో డాక్సోరుబిసిన్ అనే కీమో మందు నింపుతారు. చదరపు మీటరు శరీర వైశాల్యానికి 50 మిల్లీగ్రాముల చొప్పున నరంలోకి 30 నిమిషాలు ఎక్కిస్తారు. అది మొదలైన 15 నిమిషాలకు గడ్డలో సూది దించి రేడియోఫ్రీక్వెన్సీ కరెంటు పుట్టించే వేడితో కాలుస్తారు. 39.5 డిగ్రీల సెల్సియస్ దాటితే బుడగ గోడ వదులై మందు బయటికొస్తుంది. గడ్డ నడిమిభాగాన్ని వేడే చంపేస్తుంది. మందు అవసరమంతా అంచుల్లోనే. పక్కనున్న రక్తనాళాలు వేడిని లాగేసుకోవడంతో అక్కడి కణాలు బతికిపోయి, జబ్బు తిరగబెడుతుంది.

701 మందితో చేసిన ‘హీట్’ అనే ట్రయల్‌లో, ఉత్త కాల్చడంతో పోలిస్తే తేడా రాలేదు. ఎంతసేపు కాల్చాలో అందరికీ ఒకే కొలత లేదు మరి! ఒకే గడ్డ ఉండి, 45 నిమిషాలకు తగ్గకుండా కాల్చినవాళ్లు ఎక్కువకాలం బతికినట్టు తర్వాత లెక్కల్లో తేలింది. అదే షరతుతో 556 మందిపై ఆప్టిమా ట్రయల్ పెట్టారు. 2020లో అదీ ఆశలు వదిలించింది. ట్రయల్ ముగిశాక తీసిన లెక్కల్ని నేనైతే అంతగా నమ్మను.

అన్నట్టు, బుడగలో పెట్టినా అది డాక్సోరుబిసినే. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పడిపోతాయి, రక్తపరీక్షలు తప్పవు.