పచ్చ బటన్ నొక్కకముందు

అనంతపురం జిల్లాలోని మా చీనీ తోటలో స్టార్టర్ డబ్బా మీది పచ్చ బటన్‌ను నేను ఎన్ని వందలసార్లు నొక్కానో లెక్క లేదు. త్రీ ఫేజ్ కరెంటు రాగానే బటన్ నొక్కడం, స్టార్టర్ ఠక్కుమనడం, పైపు మూతి దగ్గర నీళ్ల కోసం కాచుకోవడం మూడూ కలిసి ఒకే పనిగా తోచేవి. బోరు అడుగంటిన ఒక వేసవిలో మాత్రం, నీళ్లు రావని తెలిసీ నొక్కినప్పుడు, ఆ నొక్కే వేరుగా ఉందనిపించింది. ఆ తేడా మెదడులోనూ ఉంటుందా అన్న కుతూహలంతో కొంత చదివాను.

జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో కోర్న్‌హూబర్, డీకె అనే శాస్త్రవేత్తలు, మనిషి తనంతట తాను వేలు కదిపేందుకు సెకనుకు పైగా ముందే తల మీది ఎలక్ట్రోడ్లలో ఒక విద్యుత్ మార్పు ఋణదిశగా మెల్లగా పెరుగుతుందని 1965లో ప్రచురించారు. ఒక్క కదలికలో అది తక్కిన సంకేతాల మధ్య కనబడదు గనుక, సంకేతాలను టేపు మీద నమోదు చేసి, కదలిక క్షణం నుంచి టేపును వెనక్కి నడిపి, అనేక కదలికల సగటు తీశారు. ఈ టేపు ఉపాయమే నాకు అన్నిటికన్నా నచ్చింది.

1983లో బెంజమిన్ లిబెట్ అనే శాస్త్రవేత్త బృందం ఈ విద్యుత్ తరంగం కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందు మొదలైతే, కదపాలన్న కోరిక తెలిసిరావడం సుమారు 200 మిల్లీసెకన్ల ముందేనని చెప్పింది. దాంతో మన సంకల్పమే బూటకమన్న వాదన బయలుదేరింది. ఆ తీర్పు తొందరపాటని నా అభిప్రాయం. మెదడులోని యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు ఒక హద్దు దాటినప్పుడే కదలిక పుడితే, వెనక్కి సగటు తీసినప్పుడు అలాంటి వాలే కనబడుతుందని ఆరోన్ షర్గర్ అనే పరిశోధకుడు 2012లో చూపాడు. అంటే ఆ తరంగం ముందే జరిగిపోయిన నిర్ణయానికి గుర్తు కాకపోవచ్చు.

నా ప్రశ్నకు దగ్గరగా వచ్చినవి 2018 నాటి అధ్యయనాలు. నొక్కితే శబ్దం వస్తుందని తెలిసినప్పుడు, ఏమీ రానప్పటికన్నా, నొక్కకముందరి తరంగం పెద్దదిగా ఉంది. అంటే ఆ సన్నాహం వేలి కండరాలకే పరిమితం కాదు, రాబోయే ఫలితానికి కూడా అందులో చోటుంది. మన చేతలవల్ల పుట్టిన శబ్దానికి మెదడు స్పందన సాధారణంగా తగ్గి ఉండడానికీ, మనకు మనమే చక్కిలిగింత పెట్టుకోలేకపోవడానికీ ఇలాంటి ముందస్తు అంచనానే కారణంగా చెబుతారు.

అయితే ఆ ప్రయోగాల్లో శబ్దం నొక్కిన వెంటనే వస్తుంది. మా బోరు నీళ్లు పైకి రావడానికి చాలాసేపు పట్టేది. వేలు ఎదురుచూసినది స్టార్టర్ ఠక్కుమనడాన్నే అయితే, బోరు ఎండినా ఆ చప్పుడు మారలేదు గనుక, తరంగమూ మారి ఉండకపోవచ్చు. వేరుగా తోచిన ఆ నొక్కు నా దిగులే కావచ్చు. నాయన పైపు దగ్గరికి వెళ్లేవాడు కాదు. నేను బటన్ నొక్కగానే, మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపే ఆమీటర్ ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, నీళ్లు లేవని అక్కడి నుంచే చెప్పేవాడు.