పెదనాన్న పాస్‌పోర్టులు

నిన్న పెదనాన్న పదో రోజు. చుట్టాలు వెళ్లిపోయాక పద్మారావునగర్ ఇంట్లో పెద్దమ్మ, నేను మిగిలాం. "బీరువాలో ఆయన పాస్‌పోర్టులు ఉంటాయి, తీయరా" అంది. నూలుదారంతో కట్టిన నాలుగు పుస్తకాలు. మూడింటికి మూలలు కత్తిరించి ఉన్నాయి.

1972లో లెక్కల మాస్టారుగా జాంబియా వెళ్లారాయన. రాగి గనుల ఊరు కిట్వేలో పదకొండేళ్లు, తర్వాత కెనడా. మధ్యలో తిరిగిన దేశాలకు లెక్కే లేదు. బేగంపేటలో విమానమెక్కి వెళ్లిన మనిషి, 2008 తర్వాత శంషాబాద్‌లో దిగి, "సొంత ఊళ్లోనే దారి అడగాల్సి వచ్చిందిరా" అని నవ్వేవారు.

పెద్దమ్మకు చూపు పోయి ఆరేళ్లు. అప్పటినుంచి ఆయన గడప దాటి ఎక్కడికీ వెళ్లలేదు. రోజూ సాయంత్రం టీ తాగాక ఒక పేజీ తీసి, ముద్రలు చదివి వినిపించేవారట. ఇన్నాళ్లూ నాకు తెలియదు. (ఆయనకు ప్రయాణాల గొప్పలు ఎక్కువని మా ఇంట్లో అనుకునేవాళ్లం. నేనూ అన్నాను.)

నిన్న నేను చదివాను. "లివింగ్‌స్టన్, 1981."

"విక్టోరియా జలపాతాన్ని అవతలి ఒడ్డు నుంచి చూద్దామని వంతెన దాటాం. అక్కడివాళ్లు దాన్ని మోసి-ఓవా-తున్యా అంటారు, ఉరిమే పొగ అని. తుంపరకు నా చీర తడిసి ముద్దయింది. మీ పెదనాన్న తన తడి కోటే పిండి నాకు కప్పారు, పిచ్చి మనిషి."

తర్వాతి ముద్ర సగం చెరిగిపోయింది. ఆగిపోయాను.

"ఆయనా అక్కడే ఆగేవారు" అంది పెద్దమ్మ. "కళ్లజోడు తుడుచుకుని చూడు."