మాత్ర మొదలుపెట్టడానికి ఆసుపత్రిలో చేరమన్నారు

గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్న కొన్నేళ్లకు నాకు ఈ దడ మొదలైంది. విశాఖ బీచ్ రోడ్డులో ఉదయం నడుస్తుండగా, ఎత్తు ఎక్కకుండానే, ఛాతీలో ఏదో తడబడినట్టయ్యేది. మణికట్టు దగ్గర నాడి చూసుకుంటే రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, ఒకటి ఆలస్యంగా, మరొకటి అసలు అందకుండా కొట్టుకునేది. ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉండే జబ్బు ఇది. గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం రాకుండా, రక్తం పలచబరిచే మందు ఆ రోజే రాశారు. లయను దిద్దే మందు విషయంలో మాత్రం డాక్టరుగారు తొందరపడలేదు.

అమెరికాలో ఉంటున్న మా బావమరిది ఇదే జబ్బుకు ఫ్లెకైనైడ్ వాడుతూ బాగానే ఉన్నాడు. "మీరూ అదే రాయించుకోండి బావా" అని ఫోనులో ఒకటే పోరు. ఆ మాట చెబితే డాక్టరుగారు, "మాస్టారూ, ఆయనకు గుండెపోటు రాలేదు, మీకు వచ్చింది" అని, కాస్ట్ అనే అధ్యయనం సంగతి చెప్పారు. గుండెపోటు నుంచి బయటపడి, మధ్యమధ్యలో అదనపు దెబ్బలు పడుతున్నవారికి ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులిస్తే ఆ దెబ్బలు తగ్గేవి, కనుక ప్రాణమూ నిలుస్తుందని అప్పట్లో వైద్యులు నమ్మేవారట. తీరా లెక్క చూస్తే, సగటున పది నెలల్లో, మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. 1989లో ఆ అధ్యయనంలో ఆ రెండు మందులనూ ఆపేయవలసి వచ్చింది. గుండె కండరంలో పాత మచ్చ ఉన్నప్పుడు, విద్యుత్తు ప్రవాహాన్ని నెమ్మదింపజేసే మందు ఆ మచ్చ చుట్టూ కొత్త సుడి పుట్టించగలదన్నది ఆయన వివరణ. ఈసీజీ కాగితం బాగుపడితే మనిషి బాగుపడినట్టేనని అనుకోవడం ఎంత ప్రమాదమో నాకు అప్పుడు అర్థమైంది.

నాకు సోటలాల్ ప్రయత్నిద్దామన్నారు, అదీ ఆసుపత్రిలో చేర్చుకుని. రెండు మాత్రలు మింగడానికి మంచమెందుకని మా ఆవిడ అడిగింది. ఈ మందు గుండె కణాల నుంచి పొటాషియం బయటికి పోయే దారులను కొంత మూస్తుంది. దాంతో ప్రతి దెబ్బ తర్వాత కింది గదులు తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఈసీజీలో ఆ వ్యవధిని క్యూటీ అంటారు. అది 500 మిల్లీసెకన్లు దాటితే, టోర్సాడ్ అనే ప్రాణాంతకమైన లయ తలెత్తే భయం ఉంది. సోటలాల్ మూత్రపిండాల ద్వారా పోతుంది కనుక ముందుగా వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్, దానితోపాటు పొటాషియం, మెగ్నీషియం చూశారు.

ఉక్కపోతకు ఛాతీ మీద స్టిక్కర్లు ఊడిపోతూ ఉండేవి. ఊడినప్పుడల్లా మానిటర్ కూత పెట్టేది. నర్సమ్మ దూదితో చెమట తుడిచి మళ్లీ అంటించేది. ప్రతి మోతాదు తర్వాత ఈసీజీ తీసేవారు. డాక్టరుగారు ఆ కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, రెండు మొనల కొలపరికరంతో గీతలను కొలిచేవారు. నా లయ నిజంగానే కుదుటపడింది, ఇంట్లో అందరూ సంతోషించారు. కానీ అదే కాగితంలో క్యూటీ 500 దాటింది. లయ కుదిరిన రోజే మందు ఆపేశారు. ఇదే మాత్ర ఇంటి దగ్గర మొదలుపెట్టి ఉంటే ఆ సాగుదల ఎవరి కంటా పడేది కాదు, నాకు తెలిసే అవకాశమూ లేదు, ఎందుకంటే ఒంట్లో ఏ తేడా లేదు.

ఆ తర్వాత ఎమియోడరోన్ ఇచ్చారు. గుండెపోటు వచ్చినవారికి ఇవ్వగల మందే. ఇదీ క్యూటీని సాగదీస్తుంది గానీ టోర్సాడ్ తెచ్చేది అరుదు. అయితే దాని బరువులో మూడోవంతుకు పైగా అయోడిన్ ఉంటుంది, అందుకే థైరాయిడ్, దాంతోపాటు కాలేయం, ఊపిరితిత్తులు, కళ్లు కనిపెట్టి ఉండాలి. ఎండకు చర్మం కమిలిపోతుందని ముందే హెచ్చరించారు; బీచ్ నడకను సూర్యోదయానికి ముందుకు జరుపుకున్నాను. కొన్ని నెలలకు నీరసం, మలబద్ధకం, ఎండాకాలంలోనూ చలి. పరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగింది, అంటే థైరాయిడ్ మందగించింది; దానికి థైరాక్సిన్ మాత్ర తోడైంది.

ఈలోగా దగ్గు వస్తే దగ్గర్లోని ఒక క్లినిక్‌కు వెళ్లాను. నేను వాడుతున్న మందుల చీటీ చూపించినా, అజిత్రోమైసిన్ రాసేశారు. ఫార్మసీ చదివిన మా అమ్మాయి, "నాన్నా, ఇది కూడా క్యూటీ పెంచేదే, వేసుకోవద్దు" అని ఆపి, డాక్టరుగారికి ఫోను చేసి వేరే మందు రాయించింది. డోంపెరిడోన్, కొన్ని ఫంగస్ మందులు, విరేచనాల వల్ల పొటాషియం తగ్గడం, ఇవన్నీ ఇదే దారిన నడిపిస్తాయట. క్లినిక్ వారిని తిట్టి లాభం లేదు గానీ, చీటీ చూడకుండా మందు రాయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చివరికి, పైగదిలో ఊపిరితిత్తుల సిరలు కలిసే చోట మచ్చ వేసి తప్పుడు సంకేతాలను అడ్డుకునే అబ్లేషన్ చేయించుకున్నాను. తొడ దగ్గర కొన్నాళ్లు నీలం తేలింది, అంతే. ప్రస్తుతం లయ నిలకడగా ఉంది, ఎమియోడరోన్ ఆపారు. శరీరంలో పేరుకున్న ఆ మందు ఖాళీ కావడానికి నెలలు పడుతుంది కనుక థైరాయిడ్ పరీక్షలు సాగుతున్నాయి. రక్తం పలచబరిచే మాత్ర మాత్రం, లయ బాగున్నా, మానడానికి వీల్లేదన్నారు.