వాడికి తెలియకుండా పట్టాలి

మా బుడ్డోడు మగపిల్లి. నాలుగేళ్లుంటాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, గడప దాటి బయటికి వెళ్లడు. ఒంటికీ రెంటికీ పెట్టిన ట్రే విషయంలో మహా పద్ధతైనవాడు. అలాంటివాడు ఒకరోజు బాత్రూమ్‌లో నీళ్లు పోయే జాలీ మీద కూర్చుని ముక్కుతూ కనిపించాడు. లేచి వెళ్లాక చూస్తే తెల్లటి టైల్ మీద రెండే చుక్కలు, లేత గులాబీ రంగులో. కాసేపటికి ట్రేలోకి వెళ్లాడు, ఏమీ పోయకుండానే వచ్చేశాడు. మళ్లీ వెళ్లాడు. మధ్యలో కూర్చుని ఆ చోటే నాక్కుంటున్నాడు.

"విరేచనం బిగిసిందేమోనమ్మా" అన్నారు మా అత్తయ్య. చూడ్డానికి అలాగే ఉంటుంది, చాలామంది అదే అనుకుంటారు. కానీ ఆ గులాబీ చుక్కలు చూశాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మగపిల్లుల్లో మూత్రం బయటికొచ్చే నాళం చాలా సన్నగా ఉంటుంది. అది మూసుకుపోతే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. రేపు చూద్దాంలే అనుకునే జబ్బు కాదు. వాణ్ని బుట్టలో కూర్చోబెట్టి అప్పటికప్పుడు డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన పొట్ట కింద రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూసి, "బ్లాక్ లేదమ్మా. మూసుకుపోయి ఉంటే మూత్రాశయం గట్టిగా ఉబ్బి చేతికి తగిలేది. వీడిది ఖాళీగా ఉంది. లోపల మంటకి రెండు చుక్కలు చేరగానే పోయాలనిపిస్తోంది వాడికి" అన్నారు. నొప్పికి ఇంజెక్షన్ చేసి, ఇంటి దగ్గర బుగ్గలోపల వేయడానికి మందు రాశారు. చుక్క కూడా రాకపోయినా, వాంతులు మొదలైనా అర్ధరాత్రైనా సరే వచ్చేయమన్నారు.

అత్తయ్య పక్కనుంచి, "మనం వేసుకునే జ్వరం మాత్రలో చిన్న ముక్క నూరి ఇవ్వకూడదా బాబూ?" అని అడిగారు. "అది మాత్రం చేయకండమ్మా" అన్నారాయన గట్టిగా. పారాసెటమాల్‌ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువట, చిన్న ముక్క కూడా పిల్లికి విషమేనట. ఆరోజు ఆవిడ ఆ మాట అడగడమే మంచిదైంది. మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. జబ్బేమిటో తేలాలంటే యూరిన్ పరీక్ష చేయాలి. మామూలుగా అయితే స్కాన్‌లో చూస్తూ పొట్టలోంచి సన్నటి సూదితో నేరుగా తీస్తారు. అది అన్నిటికన్నా శుభ్రమైన శాంపిల్. అయితే దానికి మూత్రాశయంలో మూత్రం ఉండాలి కదా. "ఇంట్లో పట్టి తీసుకురండి. రెండు మూడు మిల్లీలీటర్లు చాలు" అని ఒక మూత డబ్బా, సూది లేని సిరంజి చేతిలో పెట్టారు. ట్రే వాడితే సబ్బు, బ్లీచింగ్ మిగలకుండా బాగా కడిగి ఆరబెట్టమన్నారు. వాటి అవశేషాలు ఉంటే పరీక్ష స్ట్రిప్ మీద రంగులు తప్పుగా వస్తాయట. ఇంకో మాట కూడా చెప్పారు. ఈ వయసు పిల్లుల్లో ఇలాంటి లక్షణాలకు బ్యాక్టీరియా కారణం కావడం అరుదు, ఎక్కువగా కనిపించేది టెన్షన్‌తో ముడిపడిన మూత్రాశయపు వాపు అని.

నా మనసులో నిలిచిపోయింది ఈ చివరి మాటే. టెన్షన్‌తో వచ్చిన జబ్బు అవునో కాదో తేల్చుకోవడానికి వాణ్ని ఇంకా టెన్షన్ పెట్టి శాంపిల్ తీస్తే ఏం న్యాయం? ఏం చేసినా వాడికి తెలియకుండా చేయాలి.

ముందు గరిటెతో మొదలుపెట్టాం. పొడవాటి కాడ ఉన్న పాత గరిటె ఒకటి శుభ్రం చేసి, వాడు ట్రేలో కూర్చోగానే వెనకనుంచి కిందికి జరపాలని ప్లాన్. కొన్ని పిల్లులు ఏమీ పట్టించుకోవట. మావాడు అలాంటి రకం కాదు. పిల్లి వెనకాల నేనే పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లాను. గరిటె అంచు ట్రేకి తగిలీ తగలకముందే చెవులు వెనక్కి తిప్పాడు. పోయడం ఆపేశాడు. తల తిప్పి గరిటెని చూశాడు, నన్ను చూశాడు, దిగి మంచం కిందికి వెళ్లిపోయాడు. ఒకసారి మా ఆయన కూడా ప్రయత్నించారు. ఆయన మోకాళ్లు టపటపమన్న శబ్దానికే వాడు లేచిపోయాడు. గరిటె మళ్లీ షెడ్డుకి చేరింది.

కొందరు పిల్లిని ఖాళీ బాత్రూమ్‌లో పెట్టి తలుపేసేస్తారు. నాకు మనసొప్పలేదు. వాడు రాత్రిళ్లు ఎలాగూ మా గదిలోనే పడుకుంటాడు. వాడి పరుపు, నీళ్లు, ట్రే అన్నీ అక్కడే పెట్టి తలుపు దగ్గరికి వేశాం. మిగతా ట్రేలు కనబడకుండా తీసేశాం. వాడికి అదొక మామూలు రాత్రే.

ఇక లిట్టర్ సంగతి. ట్రేలో ఇసుకలా పోసే మామూలు లిట్టర్ మూత్రాన్ని పీల్చేసి గడ్డకడుతుంది, అందులోంచి తీయడానికి ఏమీ మిగలదు. అందుకని కడిగి ఆరబెట్టిన ఖాళీ ట్రే పెట్టాం. లోపలికి దిగి, ప్లాస్టిక్‌ని గోళ్లతో బరబరా గీకి, తవ్వడానికి ఏమీ లేకపోయేసరికి చిరాగ్గా దిగిపోయాడు. తవ్వి కప్పెట్టే అలవాటున్న పిల్లికి ఖాళీ ట్రే నచ్చదు. అప్పుడు డాక్టర్ గారు ప్లాస్టిక్ గుళికల పొట్లం ఒకటి ఇచ్చారు. అవి తడిని పీల్చవు. వాటి బదులు అక్వేరియంలో వేసే సన్నటి గులకరాళ్లు బాగా కడిగి వాడేవాళ్లూ ఉన్నారట. అడుగు కనబడేలా పల్చగా చల్లాను. తవ్వితే చప్పుడు రావాలి, అంతే.

ఆ రాత్రి లైటు ఆర్పి పడుకున్నాను కానీ నిద్ర ఎక్కడ పడుతుంది, చెవులన్నీ అటే. బాగా పొద్దుపోయాక గుళికలు గలగలమన్నాయి. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ గలగల. వాడు పరుపెక్కి పడుకునేదాకా కదలకుండా ఉండి, ఫోన్ లైటు వేసుకుని ట్రే దగ్గర కూర్చున్నాను. ట్రేని ఒక మూలకి వంచితే గుళికలు ఒకపక్క ఆగాయి, వాటి మధ్యనుంచి మూత్రం మూలలోకి జారింది. సిరంజి మొన ఆ మూలకి ఆనించి మెల్లగా లాగాను. ముందు ఒక గాలి బుడగ, దాని వెనక చిక్కటి పసుపు, అందులో సన్నటి ఎర్రటి జీర. రెండున్నర మిల్లీలీటర్ల గీత దాటింది. పిల్లి మూత్రం ఎంత ఘాటుగా ఉంటుందో ముక్కు దగ్గర పెట్టుకుంటేగానీ తెలియదు. ఆ రాత్రి మాత్రం నాకేమీ అనిపించలేదు, లాటరీ తగిలినంత సంబరపడ్డాను.

డబ్బాలో పోసి, మూత బిగించి, టైము రాసి, కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రిపూట క్లినిక్ ఉండదు కాబట్టి ఆయన అలాగే చేయమన్నారు. ఫ్రిజ్ తెరిచినవాళ్లు పొరపడకుండా కవర్ మీద "బుడ్డోడిది, ముట్టుకోవద్దు" అని పెద్దక్షరాలతో రాశాను.

పొద్దున్నే పరీక్ష చేశారు. మూత్రం చిక్కదనం 1.048 వచ్చింది. పిల్లుల్లో 1.035 పైన ఉంటే కిడ్నీలు నీటిని బాగానే పట్టి ఉంచుతున్నట్టు లెక్క. రక్తం ఉంది. చక్కెర లేదు. స్ట్రిప్ మీద తెల్లకణాల గడి రంగు మారింది కానీ డాక్టర్ గారు దాన్ని లెక్కచేయలేదు. అది మనుషుల కోసం తయారైన స్ట్రిప్, పిల్లుల విషయంలో ఆ గడి ఊరికే పాజిటివ్ చూపిస్తుందట. మైక్రోస్కోప్ కింద ఎర్రకణాలతోపాటు స్ట్రువైట్ అనే ఖనిజపు స్ఫటికాలు కొన్ని కనిపించాయి.

"అంటే రాళ్లా?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంది కదా. మూత్రం చల్లబడి నిలవుంటే, లోపల లేని స్ఫటికాలు కూడా డబ్బాలో తయారవుతాయి. అసలు ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లోనూ కొన్ని కనబడుతుంటాయి. వేడివేడిగా ఇంకోటి తెచ్చిపెట్టండి, గంటలోపు చూడాలి."

మా ఆయన నా వైపు చూసిన చూపు చెప్పనక్కర్లేదు.

ఈసారి ఫ్రిజ్ లేదు. బుడ్డోడు పొద్దున్న తిన్నాక కాసేపటికి ట్రేలోకి వెళ్తాడు. క్లినిక్ తెరిచే వేళకి అది కలిసొచ్చేలా వాడి తిండి టైము రోజూ కొంచెం కొంచెం జరిపాను. అప్పటికి నొప్పి మందు పనిచేసి వాడూ కాస్త తేరుకున్నాడు, చుక్కలు చుక్కలుగా కాకుండా ధారగా పోస్తున్నాడు. గుళికలు కూడా అలవాటైపోయాయి. నేను పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టుకుంటున్నా పట్టించుకోలేదు. వాడు ట్రే దిగాడు, నేను సిరంజితో లాగాను, మా ఆయన బండి తాళాలతో గుమ్మంలోనే ఉన్నారు. అరగంటలో శాంపిల్ మైక్రోస్కోప్ కిందికి చేరింది. ఒక్క స్ఫటికం కూడా లేదు.

తర్వాత మూత్రాశయం నిండి ఉన్నప్పుడు తీసుకెళ్తే స్కాన్ చేశారు. రాళ్లు లేవు, లోపలి గోడ మాత్రం కొంచెం మందంగా కనిపించింది. అప్పుడే సూదితో తీసి, బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షకి పంపారు. ట్రేలోంచి తీసినదాన్ని కల్చర్‌కి పంపితే ట్రేలో, బొచ్చులో ఉన్న బ్యాక్టీరియా కూడా పెరిగి తప్పుదారి పట్టిస్తుంది. ఏమీ పెరగలేదు. ఇన్ఫెక్షన్ లేదు, రాయి లేదు, స్ఫటికాల్లేవు. చివరికి మిగిలింది ఫెలైన్ ఇడియోపాథిక్ సిస్టైటిస్, అంటే ఫలానా కారణమని తేలని మూత్రాశయపు వాపు. ఇదీ అని చూపించే పరీక్ష దీనికి వేరే లేదు. మిగతావన్నీ కాదని తేలితేనే దీని పేరు రాస్తారు.

"మరి యాంటీబయాటిక్ రాయలేదేమండీ?" అని మా ఆయన అడిగారు. బ్యాక్టీరియా లేనప్పుడు దాంతో పనేముంది అన్నారు డాక్టర్ గారు. ఈ వాపు చాలా పిల్లుల్లో వారంలోపు దానంతటదే తగ్గుతుందట. యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే దానివల్లే తగ్గిందని మేమూ నమ్మేవాళ్లం.

తగ్గడం సరే, మళ్లీ రాకుండా చూసుకోవడమే కష్టం. ఇంట్లో ఏం మారిందని ఆయన గుచ్చిగుచ్చి అడిగారు. ఏమీ మారలేదనే చెప్పాం. ఇంటికొచ్చి వాడు రోజూ కూర్చునే కిటికీ దగ్గర నేనూ కూర్చుంటే అప్పుడు అర్థమైంది. కొత్తగా ఒక బలిసిన గండుపిల్లి గోడమీదికి వచ్చి మావాణ్ని గుడ్లురిమి చూస్తోంది. బుడ్డోడి వీపు మీద బొచ్చు లేచి నిలబడుతోంది. కిటికీ అద్దానికి కింది సగం వరకు మసక కాగితం అంటించాం. ఎత్తుగా ఎక్కి కూర్చోవడానికి అలమార పైన చోటు చేశాం. ట్రేలు పెంచి వేర్వేరు గదుల్లో పెట్టాం. పొడి తిండి తగ్గించి తడి తిండికి మెల్లగా మార్చాం. మొదట్లో అలిగాడు, గిన్నె పక్కనే నేల గీకి వెళ్లిపోయేవాడు. నీళ్ల గిన్నెలు తిండికి దూరంగా పెడితే ఎక్కువ తాగాడు.

కొన్ని నెలలకి ఒకసారి మళ్లీ వచ్చింది. ఇంట్లో గోడలకి రంగులు వేయిస్తున్న రోజులవి. మళ్లీ జాలీ మీదికి చేరాడు. మూత్రం వస్తోందో లేదో ముందు చూసుకుని డాక్టర్ గారికి ఫోన్ చేశాను. గుళికలు బీరువాలో ఉన్నాయి, సిరంజి ఉంది. ఆ సాయంత్రానికే తాజా శాంపిల్ ఇచ్చేశాం. రక్తం కొద్దిగా ఉంది, స్ఫటికాల్లేవు. రంగుల పని అయ్యేదాకా వాణ్ని ఒక గదిలో ప్రశాంతంగా ఉంచి, నొప్పి మందు వేస్తే సర్దుకుంది.

మొన్నటి చెకప్‌లో చిక్కదనం 1.030 వచ్చింది. అంకె తగ్గిందని నాకు గుండె ఝల్లుమంది. తడి తిండి తిని నీళ్లు తాగే పిల్లికి మూత్రం పల్చబడటం మంచిదే అన్నారు డాక్టర్ గారు. అయినా ముందు జాగ్రత్తగా కిడ్నీలకి రక్తపరీక్ష కూడా చేశారు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. వచ్చేసారి వచ్చేటప్పుడు పొద్దున్నే పట్టిన శాంపిల్ ఒకటి తెమ్మన్నారు.