గాడిదల లెక్క

ఆదివారం. ముసురు ఇప్పట్లో వదిలేలా లేదని నిన్ననే అర్థమైంది. పార్కుకు బదులు సినిమా చూపిస్తానని పిల్లలకు మాట ఇచ్చాను. 'పినోకియో'. ప్రాణం వచ్చిన ఒక కొయ్యబొమ్మ కథ, 1940లో డిస్నీ సంస్థ తీసిన బొమ్మల సినిమా. పెద్దవాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. అందుకని రాత్రి అందరూ పడుకున్నాక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని సెన్సారు బోర్డులా ఒక్కదాన్నే చూశాను.

కాగితం మీద మూడు అభ్యంతరాలు తేలాయి. బొమ్మలాటవాడు కొయ్యబొమ్మను పంజరంలో వేసి తాళం పెట్టడం. తిమింగిలం. అన్నిటికన్నా పైన, ఆ విలాసాల దీవిలో మగపిల్లలు చుట్టలు కాల్చడం, బీరు తాగడం. చుట్ట వచ్చినప్పుడు సినిమాను ముందుకు జరపాలనుకున్నాను.

తీరా చూస్తే చుట్ట పీల్చిన బొమ్మ ముఖం పచ్చబడేసరికి ఇద్దరూ పడీపడీ నవ్వారు. అంతకన్నా మంచి పొగాకు వ్యతిరేక ప్రకటన నేను చూడలేదు. తిమింగిలం కడుపులో పొగబెట్టి దాన్ని తుమ్మించినప్పుడైతే చిన్నది సోఫా మీద గెంతింది. పాటల సంగతి సరేసరి, మాటలు తెలియకపోయినా కూనిరాగం తీసింది.

చిన్నదాన్ని పట్టుకున్నది నా కాగితంలో లేని చోటు. అల్లరి పిల్లలు గాడిదలవుతారు. మాట పోయినవాటిని పెట్టెల్లో వేసి ఉప్పుగనులకు, సర్కస్‌కు అమ్మేస్తారు. ఇంకా మాట్లాడగలిగినవాడు ఒకడు అమ్మ దగ్గరికి వెళ్తానని ఏడిస్తే, వాడిని పక్కన దొడ్డిలోకి విసిరేస్తారు. పినోకియో గాడిద చెవులతో, తోకతో తప్పించుకుంటాడు. మిగతావాళ్లను వెతుక్కుంటూ ఎవరూ వెనక్కి వెళ్లరు. వాళ్లను తోలుకెళ్లిన బండివాడికి ఏ శిక్షా పడదు. రాత్రి నేను ఇవేవీ గమనించనే లేదు. చుట్టలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

అసలు కథ ఇంకా కఠినం. 1883లో పుస్తకంగా వచ్చిన ఇటలీ రచయిత కొల్లోడీ రచనలో, బుద్ధి చెప్పబోయిన కీచురాయిని బొమ్మ సుత్తి విసిరి చంపేస్తాడు. సినిమావాళ్లు దానికి టోపీ పెట్టి, పాట ఇచ్చి బతికించారు. అంత దయ గాడిదల మీద చూపలేదు.

పెద్దవాడికి ఈ సినిమా నిక్షేపంగా సరిపోతుంది. చిన్నదానికి మరో రెండేళ్లు ఆగాల్సింది. ఈ తీర్పు ఒక రోజు ఆలస్యంగా వచ్చింది, అంతే.

పడుకునేటప్పుడు అడిగింది.

"అమ్మా, ఆ పిల్లలు ఇంటికి వెళ్లారా?"

"సినిమాలో చూపించలేదమ్మా."

"కీచురాయి వెళ్లి వాళ్ల అమ్మలకు చెప్పొచ్చు కదా?"

"అది చిన్నది కదా, అంత దూరం ఎలా వెళ్తుంది?"

"ఫోను చేయొచ్చు."

తన చెవులు రెండూ ఒకసారి తడిమి చూసుకుని అటు తిరిగి పడుకుంది. వరండాలో దీపం ఆర్పవద్దంది.