గుడ్డు మీద ముగ్గెందుకమ్మా?

"గుడ్డు మీద ముగ్గెందుకమ్మా? సోర్బులకి వాళ్ళ గీతలున్నాయి కదా" అంది మా అమ్మాయి. కోపంగా ఏమీ అనలేదు. ఉల్లిపొట్టు రంగు పట్టిన ఈస్టర్ గుడ్డుని వేళ్ళ మధ్య తిప్పుకుంటూ, తల కూడా ఎత్తకుండా అంది. అప్పటికే నేను కాగితం మీద చుక్కలు పెట్టి, గుడ్డు చుట్టూ తిరిగేలా ఒక మెలికల ముగ్గు వేసి దాని ముందు పెట్టాను. ఆ కాగితాన్ని మెల్లగా పక్కకి జరిపి, గుడ్డు మీద సోర్బుల తోడేలు పళ్ళ గీతలు గీకడం మొదలుపెట్టింది.

మేముండేది డ్రెస్డెన్‌లో. ఇక్కడికి తూర్పున, రైల్లో కాసేపట్లో చేరుకునే దూరంలో బౌట్సెన్ ఉంది. జర్మనీలోనే ఉంటూ తమదైన స్లావ్ భాష మాట్లాడే సోర్బులకి అది పెద్ద ఊరు. ఊళ్ళో బోర్డుల మీద జర్మన్ పేరు కింద సోర్బ్ భాషలో బుదిషిన్ అని కూడా రాసి ఉంటుంది. సోర్బులు మొత్తం సుమారు 60,000 మంది అంటారు. భాష మాట్లాడేవాళ్ళు అంతకన్నా చాలా తక్కువ. ఈస్టర్ ముందు అక్కడ గుడ్ల సంత జరుగుతుంది. బల్లల వెనక కూర్చుని గుడ్లు చెక్కేవాళ్ళ దగ్గర నిలబడితే మా అమ్మాయిని ఇంటికి తీసుకురావడం కష్టం.

గుడ్డు మీద మైనం పెట్టి రంగులో ముంచే పద్ధతి ఒకటుంది. బాతు ఈకని మూలగా కత్తిరించి, కరిగిన మైనంలో ముంచి, గుడ్డు మీద అద్దుతారు. పిల్లలకి అదే తేలిక. మా అమ్మాయికి మాత్రం గీకే పద్ధతే కావాలి. తెల్ల గుడ్డుకి ముదురు రంగు పట్టించి, ఆరాక కత్తి మొనతోనో, సన్న ఆకురాయితోనో ఆ రంగు పొరని గీకితే కింద తెల్లటి పెంకు బయటపడుతుంది. చెయ్యి తేలిగ్గా ఆడిస్తే గీత లేతగా వస్తుంది, కాస్త నొక్కితే తెల్లగా మెరుస్తుంది, ఇంకా నొక్కితే పెంకు పగులుతుంది. ఒక్క గుడ్డుకి గంటలు పడుతుంది. ముగ్గు తప్పితే చీపురుతో ఊడ్చి మళ్ళీ వేసుకోవచ్చు, ఇక్కడ తప్పిన గీత తప్పినట్టే ఉండిపోతుంది. వరసగా గీసే త్రికోణాలు తోడేలు పళ్ళు, అవి కీడు దగ్గరికి రానివ్వవంటారు. తేనెపట్టు గళ్ళు కష్టపడి పనిచేసే గుణానికి. సూర్యచక్రం కూడా ఉంది. పిల్లలు ఈస్టర్‌కి తమ జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి (బాప్తిస్మమప్పుడు అండగా నిలిచే పెద్దలు) దగ్గరికి వెళ్ళి ఈ గుడ్లు తెచ్చుకోవడం అక్కడి ఆచారం.

ముగ్గు ఎందుకు పెట్టాలనుకున్నానో నాకు తెలుసు. ఇక్కడ పిల్లలకి ఏది నచ్చినా, దాంట్లో ఏదో ఒక మూల మనది ఉండాలని నాకు తపన. క్రిస్మస్ చెట్టు పెడితే పక్కనే సంక్రాంతికి బొమ్మల కొలువు ఉండాలి. బడిలో లాంతర్ల ఊరేగింపు ఉంటే దీపావళి దివ్వెల గురించి చెప్పాలి. ఇలా కలపకపోతే వాళ్ళు నా చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారిపోతారని భయం. ఆ భయం తప్పని ఇప్పటికీ అనుకోను.

అయినా, నేను గీసే గీత కూడా అంత తిన్నగా ఉండదు. మా పుట్టింట్లో గుడ్డు గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఇక్కడ పిల్లల కోసం నేనే ఉడకబెడతాను. అమ్మ వీడియో కాల్ చేస్తే మాత్రం గుడ్ల అట్ట తీసి అల్మరాలో పెడతాను. ఆవిడ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. ఇంట్లో తెలుగే మాట్లాడాలన్నది నా నియమమే. పొద్దున్నే ట్రామ్ టైమ్ అయిపోతుంటే "ష్నెల్, ష్నెల్" అని తరిమేదీ నేనే. లెక్కలు చెప్పేటప్పుడు జర్మన్‌లోకి దిగిపోతాను, ఎందుకంటే తనకి అలాగే అర్థమవుతుంది. ముద్దు తెలుగులో, తొందర జర్మన్‌లో అన్నట్టు తయారైంది మా ఇల్లు.

ఆ రోజు మా అమ్మాయి మాట నన్ను పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. అంతకుముందు బడిలో కార్నివాల్ వేషాలకి తన స్నేహితురాలు బొట్టు పెట్టుకుని 'ఇండియా రాణి'గా వచ్చింది. అప్పుడు ఇంటికొచ్చిన మా అమ్మాయిని కూర్చోబెట్టి, బొట్టు వేషం కాదనీ, ఒకళ్ళకి అర్థం ఉన్నదాన్ని ఇంకొకళ్ళు అలంకారంగా వాడేసుకోకూడదనీ నేనే చెప్పాను. ఆ పాఠం తను మర్చిపోలేదు. సోర్బుల గుడ్డు దగ్గర నాకే అప్పజెప్పింది.

తర్వాత ఈ సోర్బుల గురించి చదివాను. వాళ్ళ సంఘం డొమోవినా 1912లో పుట్టింది. 1937లో నాజీలు దాన్ని నిషేధించి, భాషని బడుల్లోంచి, బయటి వ్యవహారాల్లోంచి తరిమేశారు. ఆ తర్వాతి కాలంలో బొగ్గు గనుల కోసం సోర్బుల పల్లెలు ఎన్నో తవ్వేశారు. పిల్లలు జర్మన్‌లో వెనకబడతారేమోనని ఇంట్లో సోర్బ్ మాట్లాడటం మానేసిన తల్లిదండ్రులూ ఉన్నారు. ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. 1998లో విటాయ్ పేరుతో శిశువిహారాలు మొదలుపెట్టారు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో బ్రెటన్ భాష కోసం నడిపే బడుల పద్ధతి అది. టీచర్లు పిల్లలతో సోర్బ్ తప్ప ఇంకోటి మాట్లాడరు. వాళ్ళకి చట్టం ఉంది, బడులున్నాయి, సొంత నేల ఉంది. అయినా భాష నిలబెట్టుకోవడానికి అంత కష్టపడుతున్నారు. మాకున్నది వారాంతంలో ఒక తెలుగు క్లాసు, ఒక నియమం, దాన్ని మధ్యమధ్య తప్పుతుండే నేను.

సంతలో ఆ గుడ్లు కొనేవాళ్ళలో చాలామందికి ఒక్క సోర్బ్ మాట కూడా రాదు. గుడ్డు ఎంత దూరమైనా వెళ్తుంది, భాష వెళ్ళదు. నా దిగులల్లా ఇక్కడే. ముగ్గు, పులిహోర, పట్టు పావడా వీళ్ళకి మిగులుతాయి. అమ్మమ్మ ఫోన్‌లో చెప్పే కబురులో సగం మిగలదు. ఇదివరకు కొత్తగా వచ్చిన తల్లులు అడిగితే "ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడకండి, జర్మన్‌లో అడిగితే జవాబివ్వకండి" అని గట్టిగా చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. జర్మన్‌లో తన బెంగ చెప్పుకుంటున్న పిల్లని మధ్యలో ఆపి తెలుగులో చెప్పమంటే, ఆ బెంగ లోపలికే పోతుంది కదా. ఆపకపోతే తెలుగు పోతుంది. ఏ రోజు ఏది పోనివ్వాలో నాకు తెలియడం లేదు.

సంతలో గీకడం నేర్పిన పెద్దావిడ మా అమ్మాయికి సోర్బ్‌లో పది వరకు అంకెలు చెప్పింది. మిగతావి కూడా నేర్చుకుంటానని, మళ్ళీ తీసుకెళ్ళమని అడుగుతోంది. తెలుగులో ఇరవై దాటితే తడబడే పిల్ల. తీసుకెళ్తానన్నాను. "ముందు తెలుగులో ముప్పై వరకు చెప్పు" అన్న మాట నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. రైలెక్కేలోపు అనేస్తానేమో కూడా.