కొత్త టైగర్ కిట్ అసలు ట్యాంకుకు ఎంత దగ్గర? సరిచూసిన తీరు, నా అనుభవం

1/35 స్కేలులో (అసలు కొలతలో 35వ వంతు) కొత్త టైగర్-1 కిట్, అంటే రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు ప్లాస్టిక్ మోడల్ ముక్కల పెట్టె, చేతికి రాగానే కట్టర్ పట్టుకోకూడదు. ముందు కొలవాలి. విడి భాగంగా ఉన్నప్పుడు దొరికిన తప్పును దిద్దుకోవచ్చు, అతికించాక దొరికితే చాలాసార్లు వదిలేయాల్సిందే. ఈ కిట్‌ను నేను ఏ వరసలో సరిచూశానో, ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తప్పిందో రాస్తున్నాను.

కొలత మొదలుపెట్టే ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇది ఏ నెలలో తయారైన టైగర్? కాసెల్‌లోని హెన్షెల్ కర్మాగారం 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా వీటిని తయారుచేస్తూ, మధ్యలో మార్పులు చేస్తూనే పోయింది. టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) మీద కమాండర్ చూసే గూడైన కుపోలా డ్రమ్ములా ఎత్తుగా ఉన్నది 1943 జులై దాకా. పొగ గుండ్ల గొట్టాలు 1943 జూన్‌తో ఆగిపోయాయి. అయస్కాంత మైన్లు అంటుకోకుండా వేసే జిమ్మరిట్ పూత ఆ ఏడాది వేసవి చివర్లో మొదలైంది. రబ్బరు పట్టీ చక్రాల స్థానంలో ఉక్కు చక్రాలు 1944 ఫిబ్రవరిలో వచ్చాయి. డ్రమ్ము కుపోలా టరెట్ కింద ఉక్కు చక్రాల హల్ (ట్యాంకు కింది మొండెం) కనిపిస్తే ఆ మోడల్ కర్మాగారం నుంచి వచ్చిన ఏ టైగర్‌కూ సరిపోదు. నా లెక్కలో ఇది ఒక మిల్లీమీటరు తేడా కంటే చాలా పెద్ద తప్పు.

ఈ కిట్ పెట్టె మీద ట్యునీషియా అని ఉంది. లోపల జర్మన్ భారీ ట్యాంకుల బెటాలియన్లు 501, 504 రెండింటి డీకాల్స్ (అతికించే గుర్తులు) ఇచ్చారు. కుపోలా, పొగ గొట్టాలు, వెనక ఫైఫెల్ గాలి వడపోతలు అన్నీ ఆ కాలానివే. చిక్కు టరెట్ కుడి వెనక భాగంలో ఉంది. అక్కడ తప్పించుకునే గుండ్రటి తలుపు 1942 డిసెంబరు నుంచే వచ్చింది. అంతకుముందు ఆ చోట పిస్టల్ రంధ్రం ఉండేది. 1942 నవంబరులో ట్యునీషియాలో దిగిన 501 తొలి బండ్లకు రెండు పక్కలా పిస్టల్ రంధ్రాలే. కిట్‌లో మాత్రం తలుపున్న టరెట్ ఒక్కటే ఇచ్చారు. కాబట్టి ఇందులోంచి నిక్కచ్చిగా చేయగలిగింది 504 బండి. ప్రస్తుతం బోవింగ్‌టన్ మ్యూజియంలో ఉన్న 131 నంబరు టైగర్ ఆ బెటాలియన్‌దే, 1943 ఏప్రిల్‌లో బ్రిటిష్ సేనకు చిక్కింది. ఫొటోలు అన్నిటికంటే ఎక్కువగా దొరికేదీ దానివే. అయితే అది మరమ్మతులు చేసిన బండి, కాబట్టి చిన్న వివరాలకు యుద్ధకాలపు ఫొటోనే సాక్ష్యంగా తీసుకోవాలి.

ఇక కొలతలు. డిజిటల్ కాలిపర్ (దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) మిల్లీమీటరులో వందో వంతు దాకా చూపిస్తుంది గానీ ప్లాస్టిక్‌కు పదో వంతు చాలు. 1/35లో 0.3 మి.మీ. అంటే అసలు ట్యాంకు మీద సుమారు ఒక సెంటీమీటరు. హల్ పొడవు 6.316 మీటర్లు, స్కేలులో 180.5 మి.మీ. కావాలి, కిట్‌లో 180.2 వచ్చింది. ఇది తప్పు కిందికి రాదు. ఎత్తు 3 మీటర్లు, అంటే 85.7. వెడల్పు దగ్గర చాలామంది పొరబడతారు. ఒక పుస్తకంలో 3.56 మీటర్లు, మరో పుస్తకంలో 3.70 అని ఉంటుంది. రెండోది పక్క మడ్‌గార్డులు కలిపిన లెక్క. స్కేలులో వీటి మధ్య తేడా 4 మి.మీ., దేనితో దేన్ని పోలుస్తున్నామో చూసుకోకపోతే మంచి కిట్‌ను కూడా చెడ్డదనేస్తాం.

ఫిరంగి గొట్టం దగ్గరా అంతే. దాని పొడవును ఎల్/56 అంటారు, అంటే గొట్టం లోపలి వ్యాసం 88 మి.మీ.కు 56 రెట్లు, 4,928 మి.మీ. దాన్ని 35తో భాగించి 140.8 రాలేదని కిట్‌ను తిట్టేవాళ్లున్నారు. ఆ పొడవులో టరెట్ లోపలికి పోయే భాగం కూడా ఉంది. నేను చేసేది వేరు. గొట్టం ముందుకు పెట్టినప్పుడు మొత్తం పొడవు 8.45 మీటర్లు, అందులోంచి హల్ పొడవు తీసేస్తే ముందుకు పొడుచుకొచ్చేది 2.13 మీటర్లు, స్కేలులో 61 మి.మీ. టరెట్‌ను, హల్‌ను జిగురు లేకుండా టేపుతో నిలబెట్టి దీన్ని కొలిచాను, సరిపోయింది. గొట్టం మాత్రం రెండు సగాలుగా ఇచ్చారు. అతుకు గీత పోయేదాకా గరుకు కాగితంతో రుద్దితే గుండ్రదనం పోయి కోలగా తయారవుతుంది. లేత్ మీద తీసిన అల్యూమినియం గొట్టం కొనడం మేలు.

అసలు తప్పు దొరికింది ట్రాక్‌లో, అంటే చక్రాల చుట్టూ తిరిగే లింకుల పట్టాలో. టైగర్ యుద్ధ ట్రాక్ పేరు కేజీఎస్ 63/725/130. ఇందులో 725 వెడల్పు, 130 ఒక లింకు నుంచి మరో లింకుకు దూరం, రెండూ మిల్లీమీటర్లలోనే. స్కేలులో వెడల్పు 20.7, లింకు దూరం 3.71. ఒక్క లింకును కొలిస్తే ఏమీ తేలదు, పది లింకులు కూర్చి లాగిపట్టి కొలవాలి. 37.1 రావాల్సిన చోట 37.4 వచ్చింది. పదికి 0.3 అంటే చిన్నదే అనిపిస్తుంది. కానీ టైగర్‌కు ఒక్కో పక్క 96 లింకులు, చివరికి దాదాపు 3 మి.మీ. పెరుగుతుంది, అంటే ముప్పాతిక లింకు పైనే. దాంతో పైన ట్రాక్ మరీ వేలాడుతుంది. ఒక లింకు తీసేస్తే వేలాడటం తగ్గుతుంది గానీ స్ప్రాకెట్ (ట్రాక్‌ను తిప్పే పళ్ల చక్రం) దగ్గర ఇబ్బంది పోదు. దాని 20 పళ్లు సరైన దూరంలోనే ఉన్నాయి కాబట్టి, చుట్టు తిరిగేచోట నాలుగైదు లింకుల తర్వాత ట్రాక్ పంటి మీదికి ఎక్కి కూర్చుంటోంది. దిద్దుబాటు ఒకటే, విడిగా అమ్మే ట్రాక్ సెట్ తెచ్చుకోవడం. కొనే ముందు దాన్నీ పదేసి లింకులు కొలవాలి.

చక్రాల వ్యాసం 800 మి.మీ., స్కేలులో 22.9. కిట్‌లో 22.8, బాగుంది. చక్రాలను హల్‌కు పట్టి ఉంచే ఆర్మ్‌లు ఒక్కో పక్క ఎనిమిది. చోటు కలిసిరావడానికి ఒక పక్క ఆర్మ్‌లు ముందుకు, రెండో పక్కవి వెనక్కి వాలి ఉంటాయి, కిట్ దీన్ని సరిగానే పట్టుకుంది. అయితే రెండు పక్కల ముక్కలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కత్తిరించి ఒకే గిన్నెలో వేస్తే కలిసిపోతాయి, ఎటువి అటు వేరుగా పెట్టుకోవాలి. అద్దం పలక మీద హల్ పెట్టి, అన్ని చక్రాలూ అద్దాన్ని తాకేలా సరిచేశాకే జిగురు ఆరనివ్వాలి. చక్రాలు ఒకదాని సందులోకి ఒకటి దూరే అమరిక ఇది, ఒక్క ఆర్మ్ అర మిల్లీమీటరు పైకి లేచినా పక్క వరస చక్రానికి రాసుకుంటుంది.

టరెట్‌ను పై నుంచి చూసి తీరాలి. గుర్రపు నాడాలా వంచిన పలక అది, రెండు పక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ప్లాన్‌ను 1/35కు ప్రింటు తీసి, ఆ ప్రింటును కూడా ఒకసారి కొలిచి (ప్రింటర్లు ఒకటి రెండు శాతం కుదిస్తాయి), దాని మీద టరెట్ పెట్టాను. ఆ తేడాను ఈ కిట్ చూపించింది, నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది ఇదే. ఫొటోతో పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముందు భాగం పెద్దదిగా కనిపిస్తుంది. దూరం నుంచి నేరుగా పక్కకు తీసినదే తీసుకుని, అదే తలంలో ఉన్న చక్రం 800 మి.మీ. అనుకుని మిగతావి లెక్కగట్టాలి.

మందం విషయంలో ప్లాస్టిక్‌కు ఒక హద్దుంది. పక్క కవచం 80 మి.మీ., స్కేలులో 2.3, తలుపులు తెరిచి పెట్టాలంటే ఇది చూసుకోవాలి. మడ్‌గార్డు రేకు మందం మాత్రం ఏ అచ్చులోనూ రాదు. అంచును లోపలి వైపు నుంచి చెక్కి పలచగా కనిపించేలా చేయవచ్చు, లేదా ఇత్తడి ఫొటో-ఎచ్ (పలచటి రేకులో తీసిన భాగాలు) వాడవచ్చు. కవచం మీద అచ్చులో పోసిన గరుకుదనం మాత్రం నాకు నచ్చలేదు. మాంట్‌లెట్ (ఫిరంగి మొదట్లో టరెట్ ముందుండే కవచం) పోతపోసినది, దాని మీద గరుకు ఉండొచ్చు. హల్ పలకలు రోలింగ్ చేసినవి, అంత గరుకు ఉండదు. 800 నంబరు గరుకు కాగితాన్ని తడిపి, వెల్డు గీతలు చెడకుండా పలక మధ్యలో మాత్రమే రుద్దాను.

504 బండి చేయాలనుకునేవాళ్లు ట్రాక్‌కు, గొట్టానికి అయ్యే ఖర్చు కలుపుకుని ఈ కిట్ తీసుకోవచ్చు. 501 తొలి బండే కావాలంటే టరెట్ తలుపు పూడ్చి, స్టైరీన్ ప్లాస్టిక్ ముక్కతో పిస్టల్ రంధ్రం చేసుకోవాలి. ఆ వంపు పలక మీద పుట్టీ గీత కనిపించకుండా చేయడం తేలిక కాదు. దానికి వేరే కిట్ చూసుకోమనే నేను చెబుతాను.